మీసాల మార్కు

డబ్బా మూత మీద ఇప్పటికీ ఆయనే.
మా మావగారి తండ్రి సూరప్పడు,
కోరగా దువ్విన మీసం, మెడదాకా బొత్తాలు,
మామిడిపండు పట్టుకున్న చెయ్యి.
ఆ చేత్తో ఆయన ఏనాడూ
చాప మీద రసం పొయ్యలేదని
తౌడమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

"పోసింది మాయమ్మ. ఎండబెట్టింది మాయమ్మ.
బాబు గొడుగేసుకుని సూసేవోడు.
మంచోడే. కూలి ఎప్పుడూ ఆపనేదు."

మా బావగారి రోజుల్లో పంచదార పెరిగింది,
రసం తగ్గింది.
అసలు రసమే లేని ఏడాదీ ఒకటి ఉంది:
గుమ్మడి గుజ్జు, పసుపు రంగు, సీసాలోంచి వాసన.
కొత్తవలస స్టేషన్లో అమ్మే కుర్రాడు
సంచీ తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టి
"రైల్లో ఒకావిడ ఉమ్మేసిందండీ" అన్నాడు.
అంతే అన్నాడు.
బ్యాంకు వాళ్ళు అంతకన్నా చాలా మాట్లాడారు,
ఒక్క ముక్కా గుర్తులేదు.

షెడ్డు తాళంచెవి నా చేతికొచ్చింది,
ఇంకెవరూ పుచ్చుకోలేదు గనక.

చాపలు చెదలు తినేశాయి. జల్లెళ్ళు తుప్పు.
రాగి గంగాళం తాకట్టులో.
నాకొచ్చిన విద్య బీకాం, రెండో తరగతి.
తౌడమ్మ ఇంటికెళ్ళి "మళ్ళీ మొదలెడదాం, రా" అంటే
చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.
"కూలికయితే నాను రాను.
పారబొయ్యమని నానంటే పారబొయ్యాల.
ఆ మాటిస్తే వస్తాను."

ఇచ్చాను. ఇచ్చేటప్పుడు తేలిగ్గానే ఉంది.

మొదటి ఏడు ఇరవై ముగ్గురం.
కలెక్టరు కాయలు బళ్ళకొద్దీ దిగాయి.
ముగ్గబెట్టి, పిండి, గుడ్డలో వడగట్టి,
బెల్లం కలిపి, ఈత చాప మీద అరచేత్తో పరిస్తే
ఒక పొర.
ఎండ దాన్ని పీల్చుకున్నాక దాని మీద ఇంకో పొర.
ముప్ఫై పొద్దులు ఇదే పని.
పొరకీ పొరకీ మధ్య తొందరపడ్డావా,
లోపల పులిసిపోయి, పైకి నవ్వుతుంది తాండ్ర.

పందొమ్మిదో పొర మీద
తౌడమ్మ వేలు పెట్టి నాకింది.
"పారబొయ్యండి."

పదకొండు చాపలు.
అందులో నా నానుతాడు ఉంది.
గవరమ్మ మేకలు రెండూ ఉన్నాయి.
ఎర్నమ్మ కొడుకు ఐటీఐ ఫీజు ఉంది.
నేనూ నాకి చూశాను. తేడా తెలీలేదు.
"కాస్త పులుపేగా, పైన పంచదార జల్లితే..."
నా నోట్లోంచి బావగారు మాట్లాడారు.

ఎవరూ ఏమీ అనలేదు.
నా వంకే చూస్తున్నారు.
అప్పుడు తెలిసింది,
వాళ్ళందరూ ఎండలో ఉన్నారు,
నేను గొడుగేసుకుని నిలబడ్డాను.

మూశాను.
మొదటి చాప నేనే గోతిలోకి లాగాను.
ఆ రాత్రంతా ఈగల మోత.

మిగిలిన చాపలు మిగిలాయి. అవే అమ్మాం.

కొత్త డబ్బా అచ్చేయించే రోజు పేచీ.
ఇంటరు చదివిన లక్ష్మీకాంతం
"మీసాలాయన్ని తీసేసి తౌడమ్మామ్మ ఫొటో పెడదాం" అంది.
తౌడమ్మ పగలబడి నవ్వింది.
"నా మూతి సూసి ఎవుడు కొంటాడే?
బాబునుండనీ. గుమ్మానికి దిష్టిబొమ్మ ఉండాల గదా."
మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎటో చూస్తూ,
"లోపల కాయితం ముక్క మీద
సిన్నగా రాయొచ్చేటి?" అంది.

అందుకే మూత తీస్తే
ఆ చాప పరిచిన మనిషి పేరుంటుంది.
విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్టాయన
మొన్న ఫోను చేశాడు:
"దాలమ్మ డబ్బాలు ఇంకో యాభై పంపండి.
మీ ఓనరుగారికి చెప్పండమ్మా."
"చెప్తాను" అన్నాను.

వెళ్ళి చెప్పాను.
మోచేతుల దాకా రసం ఆమెకి.
తలూపి, పడమటేపు చూసింది.
"ఆ సంగతి తరవాత. మబ్బట్టింది.
బేగి రండర్రా, సాపలెత్తాల!"

తాటాకు తడికెలు మొయ్యడంలో
నాది ఇప్పటికీ వెనక వరసే.